వృద్ధులకు దీర్ఘకాల వైద్యశాలావాసము: తమిళనాటి ప్రణాళికలో తెలుగు వృద్ధుల స్థానము

వృద్ధాప్యము వ్యాధి కాదు. కాని వృద్ధాప్యమున వచ్చు వ్యాధి యౌవనమున వచ్చు వ్యాధివంటిది కాదు. యువకునికి జ్వరము వచ్చినచో, జ్వరము తగ్గుటతోడనే అతడు ఇంటికి మరలును. ఎనుబది యేండ్ల వృద్ధునికి జ్వరము తగ్గిన పిమ్మటను కాళ్లలో సత్తువ ఉండదు. పది దినములు పడకపై నుండుటచే నడక మరచును. నడక తప్పుటచే పడక పుండ్లు పుట్టును. పుండ్ల వలన మరల జ్వరము వచ్చును. ఇంతలో ఇంటివారు, ‘ఇట్టి స్థితిలో ఇంటికి తీసికొనిపోయి ఏమి చేయగలము?’ అని సంకోచింతురు. వ్యాధి నయమైనది, రోగి మాత్రము ఆసుపత్రిలోనే మిగిలిపోయినాడు. దీర్ఘకాల వైద్యశాలావాసమను సమస్య ఈ విధముగా పుట్టును.

ఈ సమస్య ఒక కుటుంబమునకు దుఃఖము. ఒక ప్రాంతమునకు లెక్క. ఎన్ని పడకలు కావలెను, అవి ఎచట ఉండవలెను, వాటిలో ఎవరిని చేర్చుకొనవలెను, చేరినవారు మరల ఇంటికి పోవు త్రోవ ఏది అను ప్రశ్నలకు సమాధానము చెప్పునదే ప్రణాళిక. తమిళనాటి ఏర్పాట్లను ఆధారముగా గొని ఈ విషయమును వివరించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము. ఆ రాష్ట్రమున తరతరములుగా నివసించుచున్న తెలుగువారికి ఇందు మరియొక చిక్కు కలదు. అది భాషకు సంబంధించినది. దానిని చివర విచారింపవచ్చును.

జనసంఖ్య చెప్పు మాట

2011 జనాభా లెక్కల ప్రకారము భారతదేశమున 60 ఏండ్లు దాటినవారు 10 కోట్ల 38 లక్షలు. అనగా మొత్తము జనులలో నూటికి 8.6 మంది. తమిళనాట ఈ పాలు నూటికి 10.4. కేరళమును విడిచినచో పెద్ద రాష్ట్రములలో ఇంత హెచ్చుగా వృద్ధులు గలవి అరుదు. తమిళనాటి నాటి జనసంఖ్య 7 కోట్ల 21 లక్షలు గనుక వృద్ధుల సంఖ్య సుమారు 75 లక్షలు. జననములు తగ్గి ఆయుర్దాయము పెరుగుచున్నందున ఆ సంఖ్య అటుపిమ్మట పెరుగుచునే వచ్చినది.

అవే లెక్కలలో తెలుగు మాతృభాషయని వ్రాయించుకొన్నవారు తమిళనాట 42 లక్షలకు పైగా కలరు. రాష్ట్రపు వృద్ధుల పాలే వీరికిని వర్తించునని అనుకొన్నచో, తెలుగు వృద్ధులు 4 లక్షల 40 వేలకు తక్కువగా నుండరు. వృద్ధాప్యమున మతి క్షీణించు వ్యాధిని, అనగా డెమెన్షియాను గూర్చి దేశమంతటను జరిగిన ఒక పరిశీలన 2023లో ప్రకటింపబడినది. దాని ప్రకారము 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మందికి ఆ వ్యాధి కలదు. ఆ లెక్కను అనుసరించినచో తమిళనాటి తెలుగు వృద్ధులలో ముప్పదివేలకు మించినవారు ఆ స్థితిలో ఉండవచ్చును. ఇది స్థూలగణనయే, అయినను సమస్య ఒకటి రెండిండ్లది కాదనుటకు ఇది చాలును.

ఐల్‌వర్త్ నేర్పిన పాఠము

మంచము పట్టిన వృద్ధుని విషయమున ‘ఇంక చేయవలసినది లేదు’ అను భావము లోకమంతటను ఉండెడిది. ఆ భావమును తొలగించిన కృషి ఇంగ్లండున లండను సమీపమునందలి ఐల్‌వర్త్‌లో జరిగినది. 1935లో వెస్ట్ మిడిల్‌సెక్స్ ఆసుపత్రి తన ప్రక్కనున్న అనాథశాలకు చెందిన రోగిశాలను తనలో చేర్చుకొన్నది. అందలి 714 మంది దీర్ఘరోగుల బాధ్యత మార్జరీ వారెన్ అను వైద్యురాలిపై పడినది. వారిలో పెక్కుమంది ఏండ్ల తరబడి పడకలపైననే ఉండిరి. పక్షవాతము వచ్చినవారు, తుంటి ఎముక విరిగినవారు, మతి తప్పినవారు, కేవలము దిక్కులేనివారు అందరును ఒకే చోట కలసి యుండిరి.

వారెన్ మొదట చేసిన పని క్రొత్త మందును కనిపెట్టుట కాదు. ప్రతి రోగిని విడివిడిగా పరీక్షించి, ‘ఇతడు పడకపై ఏల ఉన్నాడు?’ అను ప్రశ్నకు సమాధానము వెదకినది. కారణము తెలిసిన పిమ్మట రోగులను వారి వారి స్థితిని బట్టి విభజించినది. లేవగలిగినవారిని లేపి కూర్చుండబెట్టినది. నడువగలిగినవారికి నడక నేర్పించినది. చేతికఱ్ఱ, కుర్చీ, గోడకు ఆధారముగా కమ్ములు, తగిన పాదరక్షలు, రోగి తానుగా లేచుటకు వీలైన ఎత్తుగల మంచము మొదలగు అల్పవస్తువులకు ఆమె గొప్ప ప్రాధాన్యము నిచ్చినది. పెక్కుమంది ఆసుపత్రిని విడిచిపోగలిగిరి. కడకు ఆ వృద్ధులకు 240 పడకలు చాలినవి. ఆమె 1943, 1946 సంవత్సరములలో వ్రాసిన వ్యాసములు బ్రిటనులో వృద్ధవైద్యమను ప్రత్యేకశాఖ ఏర్పడుటకు పునాది అయినవి.

అదే మార్గమున లయొనెల్ కాసిన్ అను వైద్యుడు 1950 తరువాతి దశకమున ఆక్స్‌ఫర్డులో పగటి ఆసుపత్రిని నెలకొల్పెను. వృద్ధుడు ఉదయమున వచ్చి, వ్యాయామమును చికిత్సను పొంది, సాయంకాలమున ఇంటికి పోవును. రాత్రి పడకతో పని లేదు. ఇంటివారికి పగటివేళ కొంత ఊరట కలుగును.

ఈ పాఠమును గ్రహింపని చోట ఏమగునో జపానుదేశము చూపినది. అచట 1973లో 70 ఏండ్లు దాటినవారికి వైద్యము ఉచితము చేయబడినది. ఇంటివద్ద శుశ్రూష చేయు ఏర్పాటు లేకపోవుటచే, చికిత్స అవసరము లేని వృద్ధులు సైతము ఆసుపత్రులలోనే నివసింపసాగిరి. దానిని వారు ‘సామాజిక ఆసుపత్రివాసము’ అనిరి. ఆ భారమును తగ్గించుటకు 2000 సంవత్సరమున దీర్ఘశుశ్రూషకు ప్రత్యేకమైన బీమా పద్ధతిని ప్రవేశపెట్టవలసి వచ్చినది.

పడకల లెక్క

ప్రణాళిక యనగానే ‘ఎన్ని పడకలు?’ అను ప్రశ్న వచ్చుట సహజము. కాని పడకల సంఖ్య ఒక్కటే లెక్క కాదు. ఒక ఉదాహరణము చూడవచ్చును.

ఒక జిల్లా ఆసుపత్రిలో వృద్ధులకు 10 పడకల వార్డు కలదనుకొందము. ఏడాదికి 365 దినములు గనుక ఆ వార్డు 3,650 పడకదినములను ఈయగలదు. ఒక్కొక్క రోగి సగటున 15 దినములుండినచో ఏడాదికి 243 మందికి చికిత్స జరుగును. ఇపుడు నలుగురు రోగులు నయమైనను ఇంటికి పోలేక ఏడాది పొడవున అచటనే ఉండిరనుకొందము. మిగిలిన 6 పడకలలో 146 మందికి మాత్రమే చోటు దొరకును. నలుగురు బయటికి పోలేకుండుట వలన తొంబదియేడుగురు లోనికి రాలేకపోయిరి.

ఇందుకు మరి నాలుగు పడకలు చేర్చినచో చాలునని తోచును. కాని ఇంటికి పోవు త్రోవను సరిచేయనిచో మరుసటి యేడు ఆ నాలుగును నిండిపోవును. చెరువునకు తూము లేనపుడు గట్టును ఎంత ఎత్తు పెంచినను ప్రయోజనము లేదు. కావున దీర్ఘకాల శుశ్రూషా ప్రణాళికలో మొదట కట్టవలసినది గోడలు కావు, త్రోవ.

ఆ త్రోవ యందు నాలుగు మజిలీలు ఉండవలెను. మొదటిది తీవ్రవ్యాధికి చికిత్స చేయు పడక. ఇచట దినములే లెక్క. రెండవది పునరుద్ధరణ పడక. పక్షవాతము వచ్చినవారికిని, ఎముక విరిగినవారికిని నడక, తిండి, స్నానము మరల నేర్పు చోటు. ఇచట వారములు పట్టును. వైద్యునికంటె ఫిజియోథెరపిస్టునకు, నర్సుకు ఇచట ఎక్కువ పని. మూడవది నిజమైన దీర్ఘవాస పడక; ఎంత ప్రయత్నించినను ఇంటివద్ద శుశ్రూష సాధ్యముకాని కొద్దిమందికి మాత్రమే ఇది కావలెను. నాలుగవది ఉపశమన చికిత్స. నయముకాని వ్యాధితో నున్నవారికి బాధ లేకుండ చేయుట దీని ధర్మము. వీలైనంతవరకు ఇది ఇంటివద్దనే జరుగవలెను.

వీటికి తోడు మరియొక చిన్న ఏర్పాటు కలదు. ఇంటివద్ద తల్లికి ఏండ్ల తరబడి సేవ చేయుచున్న కోడలికో కూతురికో ఏడాదికి రెండు వారములు విశ్రాంతి లభించునట్లు వృద్ధురాలిని ఆ కాలమునకు ఆసుపత్రిలో చేర్చుకొనుట. చూచుటకు ఇది స్వల్పమైనను, సేవకురాలు అలసి కూలినపుడు ఇద్దరు రోగులు తయారగుదురు గనుక, రెండు వారముల పడక కొన్ని నెలల పడకను ఆదా చేయును.

తమిళనాటి ఏర్పాట్లు

భారతదేశమున వృద్ధవైద్యమునకు చెన్నపట్టణము తొలిస్థానములలో నొకటి. ప్రభుత్వ జనరల్ ఆసుపత్రిలో 1978లో ఆచార్య వి. ఎస్. నటరాజన్ కృషిచే వృద్ధులకు ప్రత్యేక వైద్యవిభాగము ప్రారంభమైనది. అనంతరము మద్రాసు వైద్యకళాశాలలో ఈ శాస్త్రమున స్నాతకోత్తర విద్యయు ఏర్పడినది.

కేంద్రప్రభుత్వము 2010-11లో వృద్ధుల ఆరోగ్యమునకు జాతీయ కార్యక్రమమును ఆరంభించినది. దాని కట్టడి మెట్లు మెట్లుగా నున్నది. ఉపకేంద్రపు కార్యకర్త మంచము పట్టినవారిని ఇంటివద్ద దర్శింపవలెను. ప్రాథమిక ఆరోగ్యకేంద్రమున వారమున కొకదినము వృద్ధుల వైద్యము జరుగవలెను. జిల్లా ఆసుపత్రిలో 10 పడకల వార్డు, ప్రాంతీయ కేంద్రమున 30 పడకల విభాగము ఉండవలెను. దేశమున మొదట ఎన్నిక చేయబడిన ఎనిమిది ప్రాంతీయ కేంద్రములలో మద్రాసు వైద్యకళాశాల యొకటి. చెన్నైలోని గిండీలో 200 పడకలతో కట్టబడిన జాతీయ వృద్ధసంరక్షణ కేంద్రము 2020లో కరోనా ఆసుపత్రిగా ఉపయోగపడి, 2024 ఫిబ్రవరి 25న వృద్ధుల కొరకు ప్రారంభింపబడినది.

ఇంటివద్ద వైద్యము విషయమున తమిళనాటి ప్రభుత్వము 2021 ఆగస్టు 5న ‘మక్కళై తేడి మరుత్తువం’ అను పథకమును ఆరంభించినది. ప్రజలను వెదకికొని వచ్చు వైద్యమని ఆ పేరునకు అర్థము. రక్తపుపోటు, మధుమేహము గలవారికి మందులు ఇంటికి చేర్చుట, మంచము పట్టినవారికి ఫిజియోథెరపీ, ఉపశమన చికిత్స ఇందలి అంశములు. ఈ పథకము ప్రారంభమైనది కృష్ణగిరి జిల్లాలోని సామనపల్లి గ్రామమున. తెలుగు మాట్లాడువారు విస్తారముగా గల జిల్లాలలో కృష్ణగిరి యొకటియని వేరుగా చెప్పనక్కరలేదు.

చట్టమును సహాయముగా నున్నది. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము 2007లో వచ్చినది. ప్రతి జిల్లాలో కనీసము 150 మంది నిరుపేద వృద్ధులకు చాలు ఆశ్రమమును ప్రభుత్వము దశలవారీగా నెలకొల్పవచ్చునని దాని 19వ విభాగము చెప్పుచున్నది. ప్రభుత్వ ఆసుపత్రులలో సాధ్యమైనంతవరకు వృద్ధులందరికి పడకలు, వేరు వరుసలు ఉండవలెనని 20వ విభాగము శాసించుచున్నది. కేంద్రప్రభుత్వము 2024 అక్టోబరులో 70 ఏండ్లు దాటినవారికి ఆదాయముతో నిమిత్తము లేకుండ, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రి చికిత్సకు బీమాను విస్తరించినది.

ఇవి యన్నియు మంచి ఏర్పాట్లే. అయినను వీటి నడుమ ఒక ఖాళీ కలదు. బీమా ఆసుపత్రిలోని చికిత్సకే గాని నెలల తరబడి సాగు శుశ్రూషకు కాదు. పెక్కు వృద్ధాశ్రమములు తమ పని తాము చేసికొనగలవారినే చేర్చుకొనును. మంచము పట్టినవారిని చేర్చుకొనవు. ఆసుపత్రి ‘చికిత్స ముగిసినది, తీసికొనిపోవుడు’ అనును. ఇంటిలో ముదుసలి భార్య ఒక్కతెయే ఉండును. కుమారుడు బెంగుళూరులోనో విదేశములోనో ఉండును. పైన చెప్పిన రెండవ, మూడవ మజిలీలు ఈ ఖాళీలోనే ఉండవలసినవి.

భాష యెచట అడ్డు వచ్చును?

తమిళనాటి తెలుగువాడు ద్విభాషి. బజారున తమిళము, ఇంట తెలుగు. పెక్కుమందికి తెలుగు లిపి రాదు. చదువు తమిళమున, మాట తెలుగున. ఆరోగ్యముగా నున్నంతకాలము ఇందువలన ఇబ్బంది లేదు సరికదా, మేలు కూడ కలదు. హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞానసంస్థలో సువర్ణ అల్లాడి మొదలగువారు 648 మంది డెమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన దానిని బట్టి, రెండు భాషలు మాట్లాడువారిలో ఆ వ్యాధి ఒకే భాష మాట్లాడువారికంటె నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనిపించినది. చదువురానివారిలోను ఈ భేదము కానవచ్చినది.

కాని వ్యాధి ముదిరిన పిమ్మట కొందరిలో తరువాత నేర్చిన భాష ముందుగా జారిపోవును. చిన్ననాటి భాష మిగులును. పక్షవాతము వలన మాట పడిపోయినవారిలోను రెండు భాషలు ఒకే తీరున మరల రాకపోవచ్చును. అందరికి ఇట్లు జరుగదు; కాని జరిగినవారి స్థితి దయనీయము. అరువదేండ్లు తమిళమున వ్యాపారము చేసిన పెద్దమనిషి నోట ఒక్క తమిళపదమును రాదు. నర్సుకు తెలుగు తెలియదు. ఆమె దృష్టిలో అతడు అర్థము లేని మాటలాడు రోగి.

రెండు భాషలును సోదరభాషలగుట ఇచట అపాయమునే పెంచును. వృద్ధురాలు ‘ఇల్లు, ఇల్లు’ అని ఇంటికి పోవుదునన్నచో తమిళ చెవికి అది ‘ఇల్లై’ అని, అనగా ‘లేదు’ అని తోచవచ్చును. ‘దప్పి’ అన్నచో తమిళమున ‘తప్పి’ అను మాటకు తప్పించుకొని అని అర్థము. దాహమన్న భావము దానిలో లేదు. నీరు అడిగినవానికి నీరు అందకపోవచ్చును. నొప్పిని తెలుపుటకు తెలుగున సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, గుంజుట అని వేర్వేరు పదములు కలవు. సలుపునకు కారణము వేరు, తిమ్మిరికి కారణము వేరు. ఈ పదములు తెలియని వైద్యునికి అన్నియు ఒకే మూలుగుగా వినబడును.

జ్ఞాపకశక్తి పరీక్షలోను ఇదే చిక్కు. తమిళమున అడిగిన ప్రశ్నకు తెలుగు వృద్ధుడు తడబడినచో, లేని మతిహీనత అతనికి అంటగట్టబడును. తెలుగు పరీక్షాపత్రమునే ఇచ్చినచో, లిపి రానందున అందును తప్పును. అతనిని మాటలో తెలుగుననే అడుగవలెను. చదువు విషయమున తమిళముననే పరీక్షింపవలెను. ఇట్టి రోగి యుండునని తెలిసిన వైద్యునికే ఈ ఉపాయము స్ఫురించును.

భాష గౌరవమునకు సంబంధించిన విషయము మాత్రమే కాదు. పడకల లెక్కకును సంబంధించినది. వ్యాయామమున ‘కుడికాలు ముందు పెట్టుము’ అన్న మాట అర్థముకాని రోగి నడక నేర్చుటకు రెండింతల కాలము పట్టవచ్చును. బాధ చెప్పుకొనలేనివాడు తినుట మానును, తిననివాడు కోలుకొనడు, కోలుకొననివాడు పడక విడువడు. పైని లెక్కలో చెప్పిన నలుగురిలో భాష కారణముగా మిగిలిపోయినవాడు ఒక్కడుండినను, వానితోపాటు ఇరువదిమందికి పైగా చోటు పోయినట్లే.

సంఘములు చేయదగిన పని

ఆసుపత్రులను కట్టుట ప్రభుత్వముయొక్క పని. కాని ఆసుపత్రికిని ఇంటికిని నడుమనున్న త్రోవలో సంఘములు చేయదగినది చాల కలదు. అందు కొన్ని పనులకు ధనము కంటె శ్రద్ధయే ముఖ్యము.

మొదటిది, ఒక్క పుటకు మించని పరిచయపత్రము. వృద్ధుడు ఇంట ఏ భాష మాట్లాడును, ఏ లిపి చదువును, ఏమని పిలిచిన పలుకును, ఏమి తినును, ఏ మందులు వాడుచున్నాడు అను సంగతులు అందుండవలెను. దాని వెనుక నీరు, నొప్పి, మంట, మూత్రము, చలి, ఇల్లు మొదలగు ముప్పది తెలుగుమాటలను తమిళలిపిలో వ్రాసి, ప్రక్కన తమిళార్థము నీయవలెను. ఏ నర్సయినను ఒక దినమున వాటిని నేర్చుకొనగలదు. ‘అవ్వా’ యని గాని ‘తాతా’ యని గాని పిలిచి ‘నీళ్లు కావలెనా?’ అని అడిగినంతనే కన్ను తెరచు రోగులు కలరు. ఈ పత్రమును ఆరోగ్యముగా నున్నపుడే వ్రాసియుంచుట మేలు.

రెండవది, వారమున కొకమారు ఆసుపత్రికి పోయి తెలుగు రోగులతో మాట్లాడు సేవకుల జట్టు. ఆసుపత్రి అధికారుల అనుమతితో, వారి నియమములకు లోబడి ఈ పని జరుగవలెను.

మూడవది, ఇంటివారికి శిక్షణ. రోగిని రెండు గంటల కొకసారి ఒత్తిగిలజేయుట, పండుకొనియున్నవానికి గాక కూర్చుండినవానికే అన్నము తినిపించుట, మంచము నుండి కుర్చీలోనికి మార్చుట, పుండు మొదలగు చోట చర్మము ఎఱ్ఱబడుటను గుర్తించుట. ఇవి తెలియకనే పెక్కుమంది ఇంటికి తీసికొనిపోవుటకు జంకుదురు. ఒక నర్సు నాలుగు దినములలో ఇవి నేర్పగలదు.

నాలుగవది కొంత పెద్దపని. పూర్వులు యాత్రికుల కొరకు సత్రములు కట్టించిరి. నాడు కాలినడకన పోవువారికి దారిలో ఒక రాత్రి విశ్రాంతి కావలసియుండెను. నేడు ఆసుపత్రి నుండి ఇంటికి పోవు త్రోవలో వృద్ధునికి ఒక నెల విశ్రాంతి కావలసియున్నది. పది పడకలు, ఇద్దరు నర్సులు, ఒక ఫిజియోథెరపిస్టు, మెట్లు లేని ఒక ఇల్లు ఉన్నచో అది కాలానుగుణమైన సత్రమగును. అందు తెలుగు తెలిసినవారుండవలెను. అయినను అది తెలుగువారికి మాత్రమే యని తలుపు మూయరాదు. ఇరుగుపొరుగు తమిళులతో కలసి బ్రదికినవారు వారితో కలసియే వృద్ధులగుదురు.

మార్జరీ వారెన్ అడిగిన ప్రశ్నయే ఈ విషయమునకు ఆదియు అంతమును: ‘ఇతడు పడకపై ఏల ఉన్నాడు?’ ఆ ప్రశ్నను ప్రతి రోగి విషయమునను, ప్రతి వారమును అడుగు ప్రాంతమున తక్కువ పడకలతోనే ఎక్కువమంది కోలుకొందురు. అడుగుట యొక్కటియే చాలదు. చెప్పిన జవాబు విన్నవానికి అర్థము కావలెను. నాలుగు లక్షలకు మించిన తెలుగు వృద్ధులలో తన జవాబును తెలుగుననే చెప్పగలవాడు ఎందరుందురో ముందుగా లెక్కించి, వారి కొరకు ఆ ముప్పది మాటలను ఆసుపత్రి గోడపై వ్రాయించుటతో ఈ ప్రణాళికలో తెలుగువారి వంతు మొదలగును.